వేరికోసిల్ చికిత్స: వరిబీజం, తిరగబెట్టడం, వృషణం కుంచించుకుపోవడం రాకుండా ఏ దశలో ఏం చూసుకోవాలి?

#1 · సూక్ష్మకోత

వేరికోసిల్ అంటే వృషణ సంచిలోని సిరలు ఉబ్బడం. దీనివల్ల నొప్పి ఉన్నా, వీర్యం దెబ్బతిని పిల్లలు పుట్టకపోయినా ఆ సిరలను కట్టేసే ఆపరేషన్ చేస్తారు. ఈ చికిత్స తర్వాత ప్రత్యేకంగా భయపడాల్సిన చిక్కులు నాలుగు. వృషణం చుట్టూ నీరు చేరడం (వరిబీజం), సిరలు మళ్లీ ఉబ్బడం, వృషణ ధమని తెగి వృషణం కుంచించుకుపోవడం, తగ్గని నొప్పి. రక్తం గూడు కట్టడం, కోత చీము పట్టడం ఏ ఆపరేషన్‌లోనైనా ఉండేవే.

ఈ నాలుగూ దురదృష్టం వల్ల వచ్చేవి కావు, ప్రతిదానికీ ఒక కారణం కనబడుతుంది. లింఫు నాళాలు (కణజాలంలో ఊరే ద్రవాన్ని తీసుకుపోయే సన్నని గొట్టాలు) సిరలతోపాటు ముడిలో పడితే వరిబీజం. చిన్న సిర ఒకటి కంటబడకుండా మిగిలిపోతే తిరగబెట్టడం. ధమనిని సిర అనుకుని కడితే కుంచించుకుపోవడం. అసలు వేరికోసిల్ వల్ల కాని నొప్పికి ఆపరేషన్ చేస్తే తగ్గని నొప్పి.

ప్రచురితమైన ఫలితాలను కలిపి చూస్తే తేడా స్పష్టంగా ఉంటుంది. సూక్ష్మదర్శిని లేకుండా పొట్ట పక్కన పైకోతతో చేసే పాత పద్ధతిలో తిరగబెట్టడం నూటికి 15 దాకా, వరిబీజం 8 దాకా ఉన్నాయి. లాపరోస్కోపీలో (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్) అవి సుమారు 4, 3. సూక్ష్మదర్శిని కింద గజ్జలో చిన్న కోతతో చేస్తే తిరగబెట్టడం నూటికి 1 దగ్గర, వరిబీజం అంతకన్నా తక్కువ. అందుకే డాక్టరును మొదట అడగాల్సింది "ఎంత పెద్ద కోత పెడతారు" అని కాదు, "సూక్ష్మదర్శిని వాడతారా, ఎన్ని రెట్లు పెద్దదిగా చూస్తారు" అని.

మిగతావాళ్లు తమ తమ దశల గురించి రాయండి. నేను ఆపరేషన్ బల్ల దగ్గరి సంగతులతో మళ్లీ వస్తాను.

#2 · ల్యాబ్‌గాజు

బల్ల దాకా వెళ్లే ముందే తప్పు జరిగిపోయే చోటు ఒకటుంది. అది వీర్య పరీక్ష.

ఒక్క నమూనా చూసి నిర్ణయం తీసుకోకూడదు. కనీసం రెండు కావాలి, మధ్యలో కొన్ని వారాల ఎడం ఉండాలి. పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు స్ఖలనం లేకుండా ఉండాలి, రెండుసార్లూ ఒకే లెక్క పాటించాలి. మొదటిసారి 2 రోజులు, రెండోసారి 7 రోజులు ఆగితే సంఖ్యలో వచ్చే తేడా జబ్బుది కాదు, ఆగిన రోజులది. నమూనాలో మొదటి భాగం కింద పోయినా ఆ పరీక్ష లెక్కలోకి రాదు, ఎందుకంటే వీర్యకణాలు ఎక్కువగా ఉండేది ఆ భాగంలోనే. గత రెండు మూడు నెలల్లో గట్టి జ్వరం వచ్చి ఉంటే అది కూడా సంఖ్యను కిందికి లాగుతుంది. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి ఆ జ్వరం నీడ అంతకాలం ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కింది హద్దులు: పరిమాణం 1.4 మి.లీ., మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు సాగే కదలిక 30 శాతం, సరైన ఆకారం 4 శాతం. ఇవి "దీనికి దిగువైతే పిల్లలు పుట్టరు" అనే గీతలు కావు. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లలో అట్టడుగు 5 శాతం మంది ఉన్న చోటు అంతే. 38 శాతం కదలిక చూసి కంగారుపడి కోతకు సిద్ధపడటం తొందరపాటే.

వీర్యంలో కణాలు అసలే లేకపోతే వేరికోసిల్ వల్లనేనని ఊహించుకోవద్దు. ఎఫ్‌.ఎస్‌.హెచ్‌., టెస్టోస్టిరాన్ అనే హార్మోన్లు, క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోము లోపాల పరీక్ష ముందు చూడాలి. పరిమాణం కూడా బాగా తక్కువగా ఉంటే దారిలో అడ్డంకి ఉందేమో వెతకాలి. అడ్డంకి ఉన్నవారికి సిరలు కడితే ఒరిగేదేమీ లేదు.

#3 · పాఠకుడు88

స్కాన్ రిపోర్టులో మాత్రమే "గ్రేడ్ 1 వేరికోసిల్" అని వచ్చి, డాక్టరు చేతికి ఏమీ తగలకపోతే ఆపరేషన్ అవసరమా? చాలామంది రిపోర్టు పట్టుకుని నేరుగా తేదీ అడుగుతున్నారు.

#4 · సూక్ష్మకోత

అవసరం లేదు. స్కానులో మాత్రమే కనబడే వేరికోసిల్‌కు ఆపరేషన్ చేస్తే లాభం ఉందని నిలబడే ఆధారం లేదు. ప్రధాన వైద్య మార్గదర్శకాలన్నీ దీన్ని వద్దనే చెబుతాయి.

గ్రేడు అన్నది చేత్తో చూసి చెప్పేది. రోగి వెచ్చని గదిలో కొద్ది నిమిషాలు నిలబడాలి. చలికి వృషణ సంచి ముడుచుకుంటే సిరలు చేతికి దొరకవు. ఊపిరి బిగబట్టి ముక్కినప్పుడు మాత్రమే చేతికి తగిలితే 1, ముక్కకుండానే తగిలితే 2, దూరం నుంచి కంటికే వానపాముల మూటలా కనిపిస్తే 3. పడుకోబెట్టి చూసి గ్రేడు రాసేస్తే అది తప్పు గ్రేడు.

పడుకున్నాక ఏం జరుగుతుందో మాత్రం తప్పకుండా చూడాలి. మామూలు వేరికోసిల్ పడుకోగానే అణిగిపోతుంది. అణగకపోయినా, కుడివైపు మాత్రమే ఉన్నా, పెద్ద వయసులో హఠాత్తుగా పుట్టుకొచ్చినా ఆపరేషన్ తేదీ కన్నా ముందు పొట్ట స్కాన్ జరగాలి. కిడ్నీ దగ్గరో వెన్ను ముందో గడ్డ ఏదైనా సిరను నొక్కుతుండవచ్చు. ఎడమవైపే ఎక్కువగా రావడానికి కారణం నిర్మాణంలో ఉంది. ఎడమ వృషణ సిర కిడ్నీ సిరలోకి లంబంగా కలుస్తుంది. కుడిది నేరుగా మహాసిరలోకి ఏటవాలుగా చేరుతుంది. కుడివైపు ఒంటరిగా ఉబ్బింది అంటే ఎందుకని అడగాల్సిందే.

#5 · ల్యాబ్‌గాజు

నేను మరిచిపోయింది ఒకటి. సంఖ్య బాగా తక్కువగా ఉన్నవారు ఆపరేషన్‌కు ముందే ఒక నమూనా గడ్డకట్టించి దాచుకోవడం మంచిది. ఆపరేషన్ తర్వాత సంఖ్య పడిపోవడం అరుదు. కాని అలా జరిగితే తర్వాత తీసి దాచడానికి ఏమీ ఉండదు.

ఆపరేషన్ ఫలితం కనబడటానికి 3 నుంచి 6 నెలలు, గర్భానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. భార్య వయసు 35 దాటి ఉంటే ఆ నెలలు చిన్నవి కావు. ఆమె పరీక్షలు కూడా అదే సమయంలో జరగాలి. మగవాడి ఆపరేషన్ అయ్యాక చూద్దామని ఆగకూడదు.

#6 · మత్తుగది

మా వైపు నుంచి క్లుప్తంగా.

రక్తం పల్చబడే మందులు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, కొత్తరకం మాత్రలు. ఏవి ఎన్ని రోజుల ముందు ఆపాలో ఒక్కోదానికి ఒక్కో లెక్క. సుమారుగా వార్ఫరిన్‌కు 5 రోజులు, క్లోపిడోగ్రెల్‌కు 5 నుంచి 7. కాని గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు, కవాటం మార్పించుకున్నవాళ్లు సొంతంగా ఆపితే వృషణ సంచిలో రక్తం గూడు కట్టకుండా తప్పించుకోబోయి గుండె మీదికి తెచ్చుకున్నట్టవుతుంది. మందు రాసిన డాక్టరు, ఆపరేషన్ చేసే డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. చేపనూనె, వెల్లుల్లి, గింకో (ఒక చెట్టు ఆకుల సారం) గుళికల గురించి కూడా చెప్పండి. "అవి మందులు కావు కదా" అని దాచేస్తారు.

ఘనాహారం 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగవచ్చు.

గజ్జల్లో వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీసుకోవద్దు. కంటికి కనబడని గాట్లలో చీము మొదలవుతుంది. ఆసుపత్రిలో క్లిప్పరుతో తీస్తే చాలు. గజ్జలో తామర లేదా కురుపు ఉంటే ముందే చూపించండి. అది తగ్గేదాకా వాయిదా వేయడమే నయం.

#7 · సూక్ష్మకోత

ఇప్పుడు బల్ల దగ్గరి సంగతి. కొంచెం పొడవుగా రాస్తాను, ఎందుకంటే చిక్కుల్లో ఎక్కువ భాగం తేలేది ఈ గంటా గంటన్నరలోనే.

గజ్జ కింద 2 నుంచి 3 సెంటీమీటర్ల కోత. వృషణ నాడిని (వృషణానికి వెళ్లే సిరలు, ధమని, వీర్యవాహిక కలిసి ఉన్న తాడు) బయటికి తీసి సూక్ష్మదర్శిని కింద 10 నుంచి 25 రెట్లు పెంచి చూస్తాం. ఆ స్థాయిలో కనిపించేవి: పెద్ద సిరలు, వెంట్రుకంత సన్నని సిరలు, ఒకటి నుంచి మూడు దాకా ధమని కొమ్మలు, స్వచ్ఛమైన నీరు నిండినట్టు మెరిసే లింఫు నాళాలు, నరాలు, వీర్యవాహిక.

ధమని గుర్తించడంలోనే చిక్కు. వృషణ ధమని చుట్టూ చిన్న సిరలు గోరింటాకు కొమ్మల్లా అల్లుకుని అంటుకుని ఉంటాయి. లాగినా, చల్లబడినా అది ముడుచుకుపోయి కొట్టుకోవడం ఆగిపోతుంది. అప్పుడది సన్నని సిరలాగే కనబడుతుంది. రెండు ఉపాయాలు ఉన్నాయి. ముడుచుకున్న ధమని మళ్లీ తెరుచుకునేలా పాపావరిన్ లేదా లిగ్నోకెయిన్ పలుచని ద్రవం చుక్కలు వేసి ఒకటి రెండు నిమిషాలు ఆగడం ఒకటి, సన్నని సూక్ష్మ డాప్లర్ పరికరంతో రక్తం పారే శబ్దం వినడం రెండోది. రెండూ చేతిలో లేకుండా "ఇది సిరే అయి ఉంటుంది" అనుకుని ముడివేయడం ఊహాగానమే. అనుమానం ఉన్న గొట్టాన్ని కట్టకుండా వదిలిపెట్టడమే మేలు. మిగిలిన సిరకు తర్వాత దారి ఉంది, పోయిన ధమనికి లేదు.

ధమని పోయినంత మాత్రాన వృషణం తప్పనిసరిగా చావదు. వీర్యవాహిక వెంట వచ్చే ధమని, క్రెమాస్టర్ కండర ధమని ఆసరా ఇస్తాయి. కాని వేసెక్టమీ, హెర్నియా ఆపరేషన్, చిన్నప్పుడు దిగని వృషణానికి ఆపరేషన్ జరిగిన వాళ్లలో ఆ ఆసరా ముందే తెగిపోయి ఉండవచ్చు. కాబట్టి ఆ పాత కోత సంగతి తప్పకుండా చెప్పండి, అది 30 ఏళ్ల కిందటిదైనా సరే. ఆ మాటతో ఆపరేషన్ పద్ధతే మారవచ్చు.

వీర్యవాహికను, దాని సొంత రక్తనాళాలను ముట్టకూడదు. సిరలన్నీ కట్టేశాక వృషణం నుంచి రక్తం తిరిగి వెళ్లే దారి అదే. దాని సిరలు 3 మి.మీ. దాటి ఉబ్బితే తప్ప కట్టకూడదు. దాని దగ్గర మోనోపోలార్ కాటరీ (విద్యుత్తుతో కణజాలాన్ని కాల్చే పరికరం) పెట్టడం ప్రమాదం, వేడి అవతలికి పాకుతుంది.

కట్టాల్సిన వాటి జాబితా మాత్రం చిన్నది కాదు: నాడిలోపలి సిరలన్నీ, నాడి వెనుక పక్కగా పోయే బయటి సిరలు. ఈ రెండోవి చూడకుండా ముగిస్తే తిరగబెట్టడానికి తలుపు తెరిచి పెట్టినట్టే.

#8 · చిన్నచేతులు

@సూక్ష్మకోత గారూ, వృషణాన్ని బయటికి తీసి గుబర్నాక్యులం (వృషణాన్ని సంచి అడుగుకు పట్టి ఉంచే కణజాలం) సిరలు కూడా కడితేనే తిరగబెట్టదని కొందరు గట్టిగా వాదిస్తారు. మీరేమంటారు?

#9 · సూక్ష్మకోత

నేను అందరిలో చేయను. లాభం స్పష్టంగా రుజువు కాలేదు. బయటికి తీసినప్పుడు వాపు, నొప్పి ఎక్కువ రోజులు ఉంటాయి. ఒకసారి తిరగబెట్టిన వారిలో, ఆ దారిలో సిరలు కంటికే కనబడితే చేస్తాను.

#10 · పాఠకుడు88

వరిబీజం మీద ఇంకొంచెం వివరంగా రాస్తారా? అందరికీ భయం అదే.

#11 · చిన్నచేతులు

నేను చెబుతాను, పిల్లల్లో మాకు ఎక్కువగా ఎదురయ్యేదే ఇది.

వృషణం చుట్టూ ఉండే పొర రోజూ కొంచెం ద్రవం ఊరుస్తుంది, లింఫు నాళాలు దాన్ని తీసుకుపోతుంటాయి. ఆ నాళాలను కట్టేస్తే ఊరడం ఆగదు, పోవడం ఆగుతుంది. ఆ నీటిలో ప్రొటీన్ ఎక్కువగా ఉండటమే లింఫు అడ్డుపడిందని చెప్పే సాక్ష్యం. అందుకే ఆపరేషన్ అయిన మర్నాడే రాదు. సాధారణంగా కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏడాది దాటాక మొదలవుతుంది. మొదటి వారంలో కనబడే వాపును చూసి వరిబీజం అనుకోవద్దు, అది కణజాలపు వాపో, కొంచెం రక్తమో.

తప్పించే మార్గం లింఫు నాళాలను చూడటమే. అవి రంగులేనివి, గోడలు పలుచన. మామూలు కంటికి కొవ్వు పోగుల్లో కలిసిపోతాయి. లాపరోస్కోపీలో కూడా 'అంతా కలిపి క్లిప్ వేసే' పద్ధతి కాకుండా లింఫు నాళాలను విడదీసే పద్ధతి ఉంది. ఏది చేస్తారో అడగండి.

వచ్చాక ఏం చేయాలి? చిన్నగా, నొప్పి లేకుండా ఉంటే 6 నుంచి 12 నెలలు చూడవచ్చు, కొన్ని వాటంతటవే తగ్గుతాయి. సిరంజితో నీరు తీయించుకోవడం తేలిక అనిపిస్తుంది కాని మళ్లీ ఊరుతుంది, ప్రతి పోటుకూ చీము పట్టే ప్రమాదం ఉంది. పెద్దదై బరువుగా లాగుతుంటే పొరను తిప్పి కుట్టే ఆపరేషన్ చేయాలి.

#12 · నాళదర్శి

ఇంతవరకు కోత గురించే నడిచింది. కోత లేని దారి కూడా ఒకటుంది. మెడ లేదా గజ్జ సిర నుంచి సన్నని గొట్టం పంపి, వృషణ సిరను లోపలినుంచే మూసేయడం. దాన్ని ఎంబొలైజేషన్ అంటారు. మత్తు అవసరం చాలా తక్కువ, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. లింఫు నాళాల జోలికి పోము కాబట్టి వరిబీజం దాదాపు ఉండదు, ధమని జోలికీ పోము.

దీని చిక్కులు వేరు. తప్పించే పద్ధతులూ వేరు.

సిరను గట్టిపరిచే మందు (సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్, పోలిడోకనాల్ వంటివి) కిందికి జారి వృషణ సంచిలోని సిరలకు చేరితే అక్కడ మంట, వాపు, గట్టి నొప్పి. దీన్ని ఆపాలంటే మందు ఎక్కించేటప్పుడు గజ్జ దగ్గర నాడిని వేలితోనో పట్టీతోనో గట్టిగా నొక్కి పట్టాలి. మందు ఎక్కించడం అయ్యాక కూడా కొన్ని నిమిషాలు వదలకూడదు. ముందుగా కింది చివర, గజ్జ ఎముక స్థాయిలో, ఒక కాయిల్ (సిరను మూసే సన్నని లోహపు చుట్ట) పెట్టి దాని పైన మందు నురగ నింపితే మరింత భద్రం.

కాయిల్ సిర వెడల్పు కన్నా కొంచెం పెద్దది, సాధారణంగా నూటికి 10 నుంచి 20 ఎక్కువ ఉండాలి. చిన్నదైతే పట్టు దొరకక జారి గుండె కుడి గదుల మీదుగా ఊపిరితిత్తుల దాకా పోతుంది. మరీ పెద్దదైతే చుట్ట చుట్టుకోకుండా పొడవుగా సాగి, కొస కిడ్నీ సిరలోకి పొడుచుకువస్తుంది.

పక్కదారి సిరలను వదిలేస్తే తిరగబెడుతుంది. అందుకని ముక్కమని చెప్పి తీసే ఎక్స్‌రే చిత్రాల్లో పక్కదారులన్నీ చూశాకే మూయడం మొదలుపెట్టాలి. గొట్టం తగిలి సిర ముడుచుకుపోతే పక్కదారులు కనబడవు. కాసేపు ఆగడమో నైట్రోగ్లిజరిన్ కొద్దిగా ఇవ్వడమో చేయాలి, హడావిడి పడకూడదు.

ముందుగా చెప్పాల్సినవి: అయోడిన్ రంగుమందుతో ఇంతకుముందు దద్దుర్లు వచ్చాయా, కిడ్నీ పనితీరు ఎలా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా. తర్వాత రెండు మూడు రోజులు నడుంలో, పొట్ట పక్కన మందకొడి నొప్పి, కొద్దిపాటి జ్వరం మామూలే. మూసుకున్న సిర గోడల్లో వచ్చే వాపు అది.

#13 · సూక్ష్మకోత

@నాళదర్శి గారూ, వరిబీజం విషయంలో మీ మాటకు ఎదురులేదు. కాని తిరగబెట్టడం మీ వైపు ఎక్కువ కదా, కొన్ని లెక్కల్లో నూటికి 10 దాటింది. కుడివైపు సిరలోకి గొట్టం ఎక్కకపోవడం కూడా ఉంది. సంతానం కోసం ఒక్కసారితో తేల్చుకోవాలనుకునేవారికి నేను సూక్ష్మదర్శినినే ముందు చెబుతాను.

#14 · నాళదర్శి

10 దాటిన లెక్కలు కాయిల్ ఒక్కటే వాడిన, పాత పనుల నుంచి ఎక్కువగా వచ్చాయి. కాయిల్, మందు రెండూ కలిపి వాడే చోట అంతకన్నా తక్కువే. కుడివైపు కష్టమన్నది మాత్రం ఒప్పుకుంటాను.

ఒక విషయంలో ఇద్దరికీ తేడా ఉండదనుకుంటా. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టినవారికి ఎంబొలైజేషన్ మంచి దారి. పాత మచ్చ కణజాలంలో ధమనిని వెతికే పని తప్పుతుంది. పైగా ఎక్స్‌రే చిత్రంలో ఏ సిర మిగిలిపోయిందో కళ్లకు కడుతుంది.

#15 · సూక్ష్మకోత

అది నిజం. నేను కూడా అక్కడికే పంపుతాను.

#16 · డ్రెస్సింగ్‌ట్రే

ఇంటికి పంపేటప్పుడు చెప్పే జాగ్రత్తలు చాలాచోట్ల ఒక్క వాక్యంలో ముగిసిపోతాయి: "బరువులు ఎత్తొద్దు". ఎంత బరువు, ఎన్ని రోజులు? అది చెప్పరు.

మొదటి 48 గంటలు ఐసు. గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టి, కనీసం గంట విడిచి మళ్లీ. ఐసును నేరుగా చర్మానికి ఆనిస్తే సంచి పలుచని చర్మం కాలినట్టు అవుతుంది. రాత్రి నిద్రలో పెట్టుకుని పడుకోవద్దు.

సంచికి ఆసరా: లంగోటా గానీ బిగుతైన లోదుస్తు గానీ వారం నుంచి రెండు వారాలు. ఆసరా అంటే పైకి ఎత్తి పట్టడం, బిగించి నొక్కడం కాదు. పడుకున్నప్పుడు తొడల మధ్య మడత పెట్టిన తువ్వాలు సంచి కింద ఉంచితే వాపు త్వరగా దిగుతుంది.

స్నానం 48 గంటల తర్వాత, నీళ్లు పోసుకుని మెత్తగా అద్దుకోవాలి. తొట్టిలో కూర్చోవడం, ఈత రెండు వారాలు వద్దు.

బరువు: మొదటి రెండు వారాలు 5 కిలోలు మించకూడదు. వ్యాయామశాల, పరుగు, సైకిలు 3 నుంచి 4 వారాల తర్వాత. నడక మొదటి రోజు సాయంత్రం నుంచే మొదలుపెట్టాలి. మంచం మీదే ఉండిపోతే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

మలబద్ధకాన్ని ఎవరూ పట్టించుకోరు. ముక్కడం అంటే కట్టిన సిరల మీదికి పొట్ట ఒత్తిడినంతా పంపడమే. ట్రమడాల్ వంటి గట్టి నొప్పి మాత్రలు మలాన్ని ఇంకా బిగిస్తాయి. నీళ్లు, పీచు, అవసరమైతే మొదటి రోజు నుంచే మలం మెత్తబరిచే మందు. నొప్పికి చాలామందికి పారాసెటమాల్ సరిపోతుంది. రోజుకు 3 గ్రాములు దాటకూడదు, కాలేయ జబ్బు ఉంటే ఇంకా తక్కువ.

సంభోగం, స్ఖలనం రెండు వారాలు ఆపమని చెబుతాం. కోత మానాక నొప్పి లేకుంటే చాలు.

#17 · పాఠకుడు88

ఫోను చేయాలా, ఊరుకోవాలా అన్న తేడా ఎలా తెలుస్తుంది? సంచి నల్లబడితే చాలామంది హడలిపోతున్నారు.

#18 · డ్రెస్సింగ్‌ట్రే

రంగు కన్నా పరిమాణం ముఖ్యం. రెండో రోజు, మూడో రోజు సంచి, అంగం నీలంగా, నల్లగా కనబడటం సాధారణమే, చర్మం కింద రక్తం కిందికి జారుతుంది. తర్వాత పసుపు పచ్చగా మారి రెండు వారాల్లో పోతుంది. మెత్తగా, రోజురోజుకూ తగ్గుతుంటే ఆగవచ్చు.

వెంటనే వెళ్లాల్సినవి ఇవి. గంటల్లోనే పెరిగి నిమ్మకాయ, నారింజకాయ అంత గట్టిపడే వాపు. మాత్రలకు లొంగని నొప్పి, ముఖ్యంగా వృషణం బిగుసుకుపోయి పైకి లాగినట్టుంటే. 38 డిగ్రీలు దాటిన జ్వరం. కోత నుంచి చీము, లేదా చుట్టూ ఎర్రదనం పాకడం. 6 నుంచి 8 గంటలు మూత్రం రాకపోవడం, వెన్నులో మత్తు ఇచ్చినవారిలో ఇది కనబడుతుంది. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం. ఈ చివరి రెంటికీ ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలని చూడకుండా దగ్గర్లోని అత్యవసర విభాగానికి వెళ్లండి.

#19 · మత్తుగది

వెన్నులో మత్తు తీసుకున్నవారికి ఒక మాట చేరుస్తాను. కూర్చున్నప్పుడు పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే అది ఆపరేషన్ చిక్కు కాదు, సూది వల్ల వచ్చేది. చికిత్స ఉంది, భరించాల్సిన పని లేదు.

#20 · చిన్నచేతులు

టీనేజీ పిల్లల గురించి విడిగా రాయాలి. పెద్దల లెక్క వాళ్లకు పనికిరాదు.

14 ఏళ్ల అబ్బాయికి వేరికోసిల్ ఉందని తెలిసినంత మాత్రాన ఆపరేషన్ కాదు. వృషణాల పరిమాణం స్కానులో కొలవాలి. రెండింటికీ తేడా నూటికి 20 దాటి, 6 నెలల నుంచి ఏడాది తర్వాత మళ్లీ కొలిచినా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఎదిగే వయసులో ఒక వృషణం కొంత వెనకబడి తర్వాత అందుకోవడం ఉంటుంది. ఒక్క కొలతతో తీర్మానిస్తే అవసరం లేని పిల్లలకు కోత పడుతుంది.

పద్ధతి మీద పిల్లల సర్జన్లలో భేదాభిప్రాయం నిజంగానే ఉంది. ధమనితో సహా కట్టేస్తే తిరగబెట్టడం తక్కువ, పిల్లల్లో పక్క ధమనులు ఆదుకుంటాయి, వృషణం ఎదుగుదల కూడా బాగానే ఉంటుందని ఒక వర్గం. ముందుముందు వేసెక్టమీ చేయించుకుంటే ఆ ఆదుకునే ధమని కూడా పోతుంది కదా అని ఇంకో వర్గం. నేను రెండో వైపు. ఏ వైపైనా లింఫు నాళాలను కాపాడాలన్న దానిలో వివాదం లేదు.

#21 · ల్యాబ్‌గాజు

మందుల వల్ల వచ్చే చిక్కు ఒకటి ఇక్కడ రాయకపోతే తప్పవుతుంది. వేరికోసిల్ ఉన్న కొందరిలో టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంటుంది. దాన్ని పెంచుదామని ఇంజెక్షనో జెల్లో మొదలుపెడతారు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే మెదడు నుంచి వృషణానికి వెళ్లే ఆజ్ఞలు ఆగిపోతాయి, వీర్యకణాల తయారీ పడిపోతుంది, ఒక్కోసారి సున్నా అవుతుంది. ఆపాక కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏడాది పైన పడుతుంది. పిల్లలు కావాలనుకునేవారు దీన్ని ముట్టకూడదు. వ్యాయామశాలలో దొరికే కండల మందులకూ ఇదే లెక్క. ఆపరేషన్ బాగా జరిగినా సంఖ్య పెరగలేదంటే ముందు ఇది అడగాలి.

#22 · పాఠకుడు88

నొప్పి కోసమే ఆపరేషన్ చేయించుకునేవారి సంగతి?

#23 · సూక్ష్మకోత

ఇక్కడ ఎంపికే సగం చికిత్స. వేరికోసిల్ నొప్పి మందకొడిగా, బరువు లాగుతున్నట్టు ఉంటుంది. నిలబడితే, సాయంత్రానికి పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. అలాంటివారిలో పదిమందికి ఎనిమిది మందికి పైగా ఉపశమనం వస్తుంది. సూదితో పొడిచినట్టు, మెరుపులా తొడలోకి దిగే నొప్పి, పడుకున్నా ఉండే నొప్పి వేరు. అది నరానిదో, నడుముదో, కిడ్నీ రాయిదో, హెర్నియాదో కావచ్చు. ముందు కొన్ని వారాలు ఆసరా లోదుస్తు, మామూలు నొప్పి మాత్రలు వాడి చూడాలి. ఆసరాతో ఏమాత్రం తగ్గని నొప్పి కోతతోనూ తగ్గకపోవచ్చు.

ఆపరేషన్ తర్వాత కొత్తగా తొడ ముందుభాగంలో తిమ్మిరి వస్తే, ముఖ్యంగా లాపరోస్కోపీ తర్వాత, జెనిటోఫెమొరల్ నరం నలిగి ఉంటుంది. చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గుతుంది.

#24 · పాఠకుడు88

చివరిగా ఒకటి. ఆపరేషన్ అయి నెల దాటినా చేతికి సిరలు తగులుతున్నాయని చాలామంది "ఫెయిల్ అయింది" అంటున్నారు. స్కాన్ ఎప్పుడు తీయించాలి?

#25 · నాళదర్శి

నెలకు తీయిస్తే గందరగోళమే మిగులుతుంది. సిరలను పైన కట్టాం, కింద ఉన్నవాటిని కోసి తీసేయలేదు. వాటిలో నిలిచిన రక్తం గడ్డకట్టి తాడులా గట్టిగా తగులుతుంది, నెలలు పట్టి కరుగుతుంది. ఆ సమయంలో స్కాను వెడల్పు కొలిచి "3.5 మి.మీ., వేరికోసిల్ ఉంది" అని రాసేస్తుంది.

3 నెలల తర్వాత, నిలబెట్టి, ముక్కించి డాప్లర్ చేయాలి. చూడాల్సింది వెడల్పు కాదు, రక్తం వెనక్కి పారుతోందా లేదా అన్నది. వెనక్కి పారకుండా సిర వెడల్పుగా ఉంటే అది పాత సిర ఖాళీ అవుతున్నట్టే. ముక్కినప్పుడు ధారగా వెనక్కి వస్తుంటే ఒక సిర మిగిలింది. మొదటి నుంచీ అలాగే ఉంటే వదిలేసిన సిర, ఆరునెలలు బాగుండి మళ్లీ వస్తే కొత్తగా తెరుచుకున్న పక్కదారి.

#26 · ల్యాబ్‌గాజు

వీర్య పరీక్ష కూడా అదే లెక్క, మొదటిది 3 నెలలకు, రెండోది 6 నెలలకు. 6 వారాలకు చేసిన పరీక్షలో వచ్చేవి ఆపరేషన్‌కు ముందు పుట్టిన కణాలే. 3 నెలలకు కదలిక పెరిగి సంఖ్య అలాగే ఉన్నా ఆగండి, 6 నెలల పరీక్ష చూశాకే తర్వాతి మెట్టు. భార్య వయసు ఎక్కువైతే ఆ ఆగడం వద్దు, 3 నెలల రిపోర్టుతోనే సంతాన నిపుణుల దగ్గరికి వెళ్లండి.